వాసనకు గడి లేదు

ఇంచు టేపు ఎల్లేశ్వరి పొట్ట మీద పరుస్తాను.
ఇరవై ఎనిమిది వారాలు.
టేపు ఇరవై నాలుగు దగ్గర ఆగిపోతుంది.
మళ్ళీ కొలుస్తాను, ఈసారి కాస్త వదులుగా,
ఒక్క అబద్ధమాడమని టేపును బతిమాలుతున్నట్టు.
ఇరవై నాలుగే.

ఆమె కంటే ముందే ఆమె వాసన
బస్తీ దవాఖానా మెట్లెక్కి వస్తుంది.
పంక్చర్ షాపులో సొల్యూషన్ మూత తీసినట్టు,
నిన్ననే రంగులేసిన గదిలో తలుపులు మూసినట్టు.
తలలో రెండు మూరల మల్లెలు పెట్టుకుంది పాపం,
మల్లెలు ఓడిపోయాయి.

ఛత్తా బజార్‌లో మేడ మీద గది.
పెళ్ళికార్డులు అచ్చేసే చోట ఆమె పని కడగడం.
రంగు మారినప్పుడల్లా గుడ్డను థిన్నర్‌లో ముంచి
వినాయకుడి తొండం మీద ఎండిన బంగారాన్ని
ఆనవాలు లేకుండా తుడవాలి.
రోజుకు నలభై స్క్రీన్లు,
ముహూర్తాలున్న నెలల్లో అరవై.
కిటికీ తెరిస్తే తడి కార్డుల మీద దుమ్ము పడుతుందని
సేఠ్ మేకు కొట్టించాడు.

"మొదట్ల తలకాయ తిరిగేది మేడం.
ఇప్పుడు అలవాటైంది. వాసననే తెలుస్తలేదు."

ముక్కుకు అలవాటైంది.
మాయకు?

ఆ పేరు ఎవరు పెట్టారో గానీ సరిగ్గా పెట్టారు.
బిడ్డకూ లోకానికీ నడుమ గోడలా కనిపిస్తుంది,
చెయ్యి పెడితే జల్లెడ.
తల్లి తిన్న అన్నం సారాన్ని పోనిచ్చే ఆ వాకిలి
తల్లి పీల్చిన గాలిని ఏమని ఆపుతుంది?
డ్రమ్ములోది మరీ చిన్నది, మరీ తేలికైనది,
తలుపు తట్టే అలవాటు దానికి లేదు.

గ్రహణం నాడు వాకిట్లోకొచ్చింది, అంది అత్త.
బొప్పాయి తిన్నదేమో, అన్నాడు మొగుడు.
గుడ్డు తినమ్మా, పాలు తాగమ్మా, అంది డాక్టరమ్మ.
నేనేమో ఐరన్ మాత్రల పట్టీ లెక్కపెట్టాను.
మా అమ్మ గూడ పొట్టిదే మేడం, అని
తప్పు తన ఎముకల మీదే వేసుకుంది ఎల్లేశ్వరి.
అందరం ఆమె నోటి వైపే చూశాం.
ముక్కు వైపు ఎవరూ చూడలేదు.

నా రిజిస్టర్‌లో గడులు:
రక్తం, బీపీ, షుగర్, బరువు, ఎన్నో కాన్పు,
మొగుడి ఫోన్ నంబరు.
పక్కన ఖాళీలో ఇరికించి రాశాను
"థిన్నర్. రోజుకు తొమ్మిది గంటలు. కిటికీ లేదు."
కంప్యూటర్ అబ్బాయి తలెత్తి అడిగాడు
"ఇది ఎక్కడ ఎక్కించాలి మేడం?"

ప్రెస్సుకు వెళ్ళాను.
సేఠ్ కుర్చీ వేయించాడు, చాయ్ తెప్పించాడు,
ఇదే గదిలో పనిచేసి మూడు కిలోల కొడుకును కన్న
ఇంకో ఆవిడ పేరు చెప్పాడు.
అదీ నిజమే కావచ్చు.
ఇదే కారణమని నేను ఒట్టేసి చెప్పలేను,
నా దగ్గరున్నది టేపు ఒక్కటే.
చాయ్‌లో కూడా అదే వాసన.

"మానేస్తే తొమ్మిదివేలు మీరిస్తరా మేడం?"
కోపంగా కాదు,
నిజంగానే అడిగింది,
నా బ్యాగులో ఉండొచ్చేమో అన్నట్టు.

తర్వాతి వారం జహీరుద్దీన్ మాస్టర్
ఎవరికీ చెప్పకుండా పటకారుతో మేకు పీకేశాడట.
ఆమెను మడతల బల్ల దగ్గరికి మార్చాడట,
కిటికీ పక్కకు.
అప్పటికి ముప్పై మూడు వారాలు.

పిల్ల పుట్టింది. కిలో తొమ్మిది వందలు.
చార్టులో గీత కింద చుక్క పెట్టాను.
పిల్లను ఎత్తుకుని, ఎవరూ చూడకుండా
మాడు దగ్గర వాసన చూశాను.
పాలు.
ఇంకేమైనా ఉందేమోనని మళ్ళీ చూశాను.

తొట్టెల కార్డు మాస్టరే ఊరికే వేసిచ్చాడు,
ఒకే రంగులో.
రెండో రంగంటే ఇంకో స్క్రీను కడగాలి కదా.
ఇంటికొచ్చి దీపం వెలుగులో తెరిచాను.
పిల్ల పేరు మీద
ఒక దుమ్ము నలక
అచ్చులో ఇరుక్కుని ఉంది.